ఫ్యూజు మామయ్య కెమెరా

ఫ్యూజు మామయ్య తన ఇంట్లో ఒక బల్బు మార్చాలంటే ఇల్లంతా కరెంటు పోవలసిందే. స్విచ్చి ఆపితే ఆయనకి చాలదు. మెయిను ఆపాలి, ఫ్యూజు పీకాలి, పీకిన ఫ్యూజుని చొక్కా జేబులో వేసుకోవాలి. అది జేబులో ఉన్నంతసేపూ ఇంకెవరూ దాన్ని తిరిగి పెట్టలేరు కదా, అదీ సంగతి. అప్పుడు గానీ స్టూలు ఎక్కడు. ఈలోపు వంటింట్లో మిక్సీ ఆగుతుంది, హాల్లో ఫ్యాను ఆగుతుంది, అత్తయ్య మాత్రం ఆగదు. "ఒక్క బల్బుకి ఇంత రాద్ధాంతమా" అని మొదలుపెట్టి, కొత్త బల్బు వెలిగేదాకా సాగదీస్తుంది. వీధిలో ఆయన అసలు పేరు పోస్టుమ్యానుకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఫ్యూజు మామయ్యే, ఆవిడ అత్తయ్యే.

ఆయన ముప్ఫై ఒక్క ఏళ్లు లైన్‌మన్‌గా చేశాడు. అందులో ఇరవై ఎనిమిదేళ్లు ఒకటే జోడీ. పైన స్తంభం మీద ఈయన, కింద నిచ్చెన పట్టుకుని బావ. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. కలిసి పనిచేసిన మొదటి రోజున ఎందుకో ఒకరినొకరు 'బావా' అనుకున్నారు, ఆ తరవాత దిద్దుకునే తీరిక దొరకలేదు. బావది ఆరడుగుల మీద ఇంకో నాలుగు వేళ్ల పొడుగు. నిన్ను గోడకి ఆనించి ఎక్కితే సరిపోదా, నిచ్చెన దండగ అని ఆఫీసులో ఏడిపించేవాళ్లు.

స్తంభం మీద ఉన్నవాడి మాట కింద వినపడదు. గాలి హోరు, లారీల రొద. గొంతు చించుకున్నా సగం మాటే చేరుతుంది, ఆ పనిలో సగం మాట వినడం అసలు వినకపోవడం కన్నా ప్రమాదం. అందుకని ఇద్దరూ చేతులతో మాట్లాడుకునేవాళ్లు. రెండు మణికట్లూ తలపైన అడ్డంగా కలిపితే 'లైన్ క్లియరేనా?' అని, అంటే సరఫరా తీసేశారా అని. పైనున్నవాడు అదే సైగ తిరిగి చేస్తే క్లియరే అని జవాబు. కుడిచెయ్యి గాల్లో గుండ్రంగా తిప్పితే 'పని అయింది, ఇద్దరం నేల మీదే ఉన్నాం, ఇక లైను ఇవ్వొచ్చు' అని. ఇవి ఆఫీసు నేర్పినవి. పొట్ట తట్టుకుంటే భోజనం వేళయిందని, నడినెత్తి నిమురుకుంటే సూపర్‌వైజరు వస్తున్నాడని. ఇవి వాళ్ల సొంతం. సూపర్‌వైజరుకి నెత్తి మీద ఒక్క వెంట్రుక ఉండేది కాదు, పాపం. తనని చూడగానే వీళ్లిద్దరూ నెత్తి ఎందుకు నిమురుకుంటారో రిటైరయ్యే రోజుదాకా ఆయనకి అంతుపట్టలేదు.

ఫ్యూజు మామయ్య ఎడమ అరచేతిలో చొక్కా బొత్తామంత కాలిన మచ్చ ఒకటి ఉంటుంది. బావతో జోడీ కట్టిన రెండో ఏడు సంగతి. లైను తీసేశాం అన్నారు, ఎక్కాడు. అంతలో ఎవరో పొరపాటున ఇచ్చేశారు. చెయ్యి తీగని తాకీ తాకగానే, నడుముకి కట్టిన తాడు పట్టుకుని బావ కింద నుంచి ఒక్క గుంజు గుంజాడు. పడి భుజం ఎముక విరిగింది, ప్రాణం దక్కింది. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని బావ చెప్పింది ఒకటే మాట. "ఇకమీదట పని మొదలుపెట్టే ముందు నీ చేత్తో నువ్వు లైను తియ్యి. తీసింది నీ జేబులో పెట్టుకో. ఎవడి మాటా నమ్మకు. నేను చెప్పినా నమ్మకు."

ఆ మాట ఆయన పొల్లు పోకుండా పాటించాడు. ఈ కథలో వచ్చిన చిక్కంతా ఆ బుద్ధిమంతుడితనం వల్లనే వచ్చింది.

అత్తయ్య కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయింది. ఆవిడ వేళ్లు ఆవిడ నోటికన్నా వేగం, అది ఆషామాషీ విషయం కాదు. ఎదుట పెట్టిన కాగితంలో ఏమున్నా, అర్థమైనా కాకపోయినా, ఉన్నది ఉన్నట్టు దించేస్తుంది. "ఎవరికి శిక్ష పడిందో నాకెందుకండీ, కామా పోకుండా చూసుకోవడం నా పని" అనేది. ఫ్యూజు మామయ్య రిటైరైనప్పుడు సెక్షను ఆఫీసువాళ్లు అందరికీ ఇచ్చే గోడ గడియారం బదులు, మూలన పడేసిన కంప్యూటరొకటి ఇచ్చి పంపారు. గుమాస్తా దానిలో ఎవరికైనా ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టం ఎక్కించి ఇచ్చాడు. దాని లోపలి రాత అంతా లోకానికి తెరిచిపెట్టి ఉంటుందట, ఓపికున్నవాళ్లు చదవొచ్చు, దిద్దొచ్చు. ఆన్ చెయ్యగానే ఒక పెంగ్విను బొమ్మ కనపడుతుంది. అత్తయ్య దాన్ని బాతు అనుకుంది. పొరపాటు తెలిసినా పేరు మార్చలేదు, ఇంట్లో కంప్యూటరు పేరు బాతుగానే స్థిరపడింది.

రిటైరయ్యాక బావ కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. రైల్లో ఒక పగలంతా ప్రయాణం. వెళ్లిన మూడో ఏడు గొంతులో జబ్బు వచ్చి, ఆపరేషను చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు, మాట మాత్రం ఇక రాదన్నారు. ఫ్యూజు మామయ్య వెళ్లి పది రోజులు ఆసుపత్రి వరండాలో గడిపి వచ్చాడు. ఆ పది రోజులూ బావ మత్తులోనే ఉన్నాడు. మనిషి ఎంత ఆప్తుడైనా ఎన్నాళ్లని ఇల్లు వదిలి ఉంటాడు? తిరిగొచ్చేశాడు.

ఆ తరవాత రోజూ సాయంత్రం ఫోను. ఈయన మాట్లాడతాడు, అవతల బావ రిసీవరు మీద వేలితో కొడతాడు. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు.

"మందులు వేసుకున్నావా బావా?"

టక్.

"నిజంగా?"

టక్ టక్.

మొదట్లో ఇది ఆటలా సరదాగానే ఉంది. కానీ ఇరవై ఎనిమిదేళ్లు ఉన్నవీ లేనివీ చెప్పుకున్న మనుషులకి అవును, కాదులతో ఎన్నాళ్లు గడుస్తుంది? నెల తిరక్కుండానే చప్పుళ్లు తగ్గాయి. తరవాత బావ ఫోను దగ్గరికి రావడమే మానేశాడు. బావ కూతురు ఒకరోజు తనే ఫోను చేసింది.

"మామయ్యా, నాన్న గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. రాసి చూపించమని పలక ఇస్తే మంచం కింద పడేశాడు. భుజాలు కదిలించకపోతే మెడ పట్టేస్తుందని డాక్టరు వ్యాయామం చెప్పారు, అదీ చెయ్యడు. నాకు భయంగా ఉంది. మీ మాటైతే వింటాడేమో."

"నా మాట వింటాడు తల్లీ, వాడి మాట నేనెలా వినను" అన్నాడు ఫ్యూజు మామయ్య. అన్న మరుక్షణమే నుదురు కొట్టుకున్నాడు. నోరు పోయింది సరే, బావకి చేతులున్నాయి కదా. ఆ చేతులతో ఇరవై ఎనిమిదేళ్లు మాట్లాడుకోలేదూ?

అప్పటికింకా మామూలు వాళ్ల చేతిఫోన్లలో గొంతు తప్ప మనిషి కనిపించే రోజులు రాలేదు. కూతురి ఆఫీసు కంప్యూటరుకి మాత్రం కెమెరా ఉంది, ఆదివారాలు ఇంటికి తెచ్చుకుంటుంది. ఇటువైపు కూడా కెమెరా ఒకటి ఉంటే చాలంది. ఫ్యూజు మామయ్య ఆ పూటే బజారుకెళ్లి ఒక వెబ్‌కామ్ తెచ్చాడు. నిమ్మకాయంత ఉంటుంది, ఒంటికాలి మీద నిలబడుతుంది. డబ్బాలో దానితోపాటు ఒక సీడీ ఇచ్చారు, అది వేరే సిస్టంకి పనికొచ్చేది, బాతుకి ఎక్కలేదు. పచ్చదీపం వెలుగుతోంది కదా, అదే పనిచేస్తుందిలే అనుకున్నారు దంపతులు.

ఆదివారం ఉదయం పదింటికి తెర మీద బావ ప్రత్యక్షమయ్యాడు. గడ్డం గీయించుకుని, మెడకి తెల్లగుడ్డ చుట్టుకుని, బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. ఫ్యూజు మామయ్యకి కాళ్లు నేల మీద ఆనలేదు. లేచి నిలబడి రెండు చేతులూ ఊపాడు, పొట్ట తట్టుకున్నాడు, నెత్తి నిమురుకున్నాడు. బావ ముఖంలో ఒక్క గీత కదల్లేదు. కళ్లు చికిలించి చూస్తున్నాడు, అంతే.

"మామయ్యా, మీ మాట వినపడుతోంది గానీ మీరు కనపడటం లేదు. నల్లగా డబ్బా ఒకటి కనపడుతోంది" అంది కూతురు.

బావ ఆ నల్ల డబ్బాకేసి అయిదు నిమిషాలు చూశాడు. తరవాత మెల్లగా లేచి వెళ్లిపోయాడు. ఖాళీ కుర్చీ తెర మీద మిగిలింది. ఫ్యూజు మామయ్య ఎత్తిన చేతులు ఎత్తినట్టే కాసేపు ఉండిపోయాడు. ఆ పూట ఆయన భోజనం చెయ్యలేదు.

మర్నాడు ఇద్దరూ పట్టుపట్టి కూర్చున్నారు. బాతులో వెతగ్గా వెతగ్గా, ఆ సిస్టం వాడేవాళ్లు ఒకరికొకరు సాయం చేసుకునే చర్చావేదిక దొరికింది. అత్తయ్య తన కోర్టు భాషలో విన్నపం రాసిపడేసింది. గంటలో జవాబు వచ్చింది. రాసిన మనిషి ఎవరో, ఏ దేశంలో ఉంటాడో తెలియదు, పేరు స్థానంలో 'గుడ్లగూబ' అని ఉంది. పేరెలా ఉన్నా మర్యాదస్తుడు.

"కంప్యూటరు భాష కెమెరాకి తెలీదు, కెమెరా భాష కంప్యూటరుకి తెలీదు. మధ్యలో దుబాసీ కావాలి. దాన్నే డ్రైవరు అంటాం. మీ కెమెరాకి ఏ దుబాసీ కావాలో తెలియాలంటే దాని నంబరు కావాలి. తగిలించి ఉన్న ప్రతి వస్తువూ తన నంబరు తనే చెప్పుకుంటుంది. కింద రాసిన మాట కొట్టండి, జాబితా వస్తుంది. అది నాకు పంపండి, మిగతాది నేను చూసుకుంటాను."

ఇంత వివరంగా చిలక్కి చెప్పినట్టు చెబితే ఎవరికైనా పని ఇట్టే అయిపోవాలి. అత్తయ్య కీబోర్డు ముందు కూర్చుని వేళ్లు విరుచుకుంది.

"ఉండు. ముందు లైను తియ్యనీ" అన్నాడు ఫ్యూజు మామయ్య.

మొదట ఆయన మెయినే ఆపబోయాడు. మెయిను ఆపితే నేను టైపు దేని మీద కొట్టను, మీ వీపు మీదా అని ఆవిడ నిలదీసింది. వాదన కాసేపు నడిచి, మరమ్మతు దేనికి జరుగుతోందో దాని వైరు మాత్రం తియ్యడానికి రాజీ కుదిరింది. కెమెరా వైరు పీకి, దాని కొసని చొక్కా జేబులో వేసుకుని, "ఇక కొట్టు" అన్నాడు. ఆవిడ కొట్టింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈయన ఏదో ఒకటి పీకి జేబులో వేసుకోవడం చూస్తూనే ఉంది. ఊపిరి తీసుకోవడం ఎంత గమనిస్తుందో దీన్నీ అంతే గమనించింది.

జాబితాలో కీబోర్డు ఉంది, మౌసు ఉంది. కెమెరా లేదు. ఉన్నది ఉన్నట్టు పంపించారు.

"కెమెరా తగిలించే ఉందా?" అని అడిగాడు గుడ్లగూబ.

ఆ ప్రశ్న వచ్చేసరికి వైరు మళ్లీ దాని స్థానంలో ఉంది. ఉత్తరం చదవడం, రాయడం మరమ్మతు కాదు కదా. ఫ్యూజు మామయ్య వంగి, కళ్లజోడు సవరించుకుని, స్వయంగా పరిశీలించాడు. "తగిలించే ఉంది, పచ్చదీపం కూడా వెలుగుతోందని రాయి." ఆవిడ రాసింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

పాపం గుడ్లగూబకి తల తిరిగిపోయింది. వైరుని వేరే రంధ్రంలో పెట్టి చూడమన్నాడు. నాలుగు రంధ్రాల్లోనూ పెట్టి చూశారు, ప్రతిసారీ మాట కొట్టే ముందు ఈయన వైరు పీకి జేబులో వేసుకున్నాడు. బాతుని ఆపి మళ్లీ మొదలుపెట్టమన్నాడు. అదీ చేశారు. చివరికి ఇంకో కెమెరా ఎవరిదైనా అడిగి తెచ్చి చూడమన్నాడు. పక్కింటి టీచరమ్మ కెమెరా అరువు తెచ్చారు. అరువు తెచ్చిన వస్తువు, ఏమైనా అయితే మాట పడాలి. అందుకని దాని వైరు మరింత ముందుగా పీకాడు. జాబితాలో కీబోర్డు, మౌసు. అంతే.

"దీపం వెలుగుతూ నంబరు చెప్పని కెమెరాని నేను పుట్టాక చూడలేదు. మీ దగ్గర రెండున్నాయి. ఇక నాకు తెలిసిన విద్య అయిపోయింది. క్షమించండి" అని రాశాడు గుడ్లగూబ.

దీనితోనే పన్నెండు రోజులు గడిచాయి. మధ్యలో ఒక ఆదివారం వచ్చి పోయింది. ఆ రోజు బావ కంప్యూటరు ముందుకు రానన్నాడని కూతురు చెప్పింది. ఇప్పుడు గోడవైపు తిరగడమే కాదు, దుప్పటి ముఖం మీదికి లాక్కుంటున్నాడట. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఏ గాలివానకి తెగిన లైనునైనా మర్నాటికల్లా నిలబెట్టిన మనిషి, జానెడు వైరు ముందు ఓడిపోయాడు.

శనివారం మధ్యాహ్నం ఆయనే ఫోను చేశాడు. "అమ్మా, నాన్న మాట్లాడక్కర్లేదు, కొట్టక్కర్లేదు. రిసీవరు వాడి చెవి దగ్గర పెట్టు, చాలు. నేను చెప్పాల్సింది చెప్పేస్తాను."

ఆమె పెట్టింది. అవతల ఊపిరి తప్ప ఏమీ లేదు.

"బావా, నా వల్ల కాలేదురా" అని మొదలుపెట్టాడు ఫ్యూజు మామయ్య. "మీ చెల్లెలు, నేను రెండు వారాలుగా ఆ కెమెరాతో కుస్తీ పడుతున్నాం. ఏదో నంబరు చెప్పాలట అది. చెప్పదు. నేనేమీ అశ్రద్ధ చెయ్యలేదురా. నువ్వు నేర్పినట్టే, ప్రతిసారీ ముందు లైను తీసి, జేబులో వేసుకుని, అప్పుడే పని..."

టక్ టక్.

ఫ్యూజు మామయ్య మాట ఆగిపోయింది. ఎన్నాళ్ల తరవాతో విన్న మొదటి చప్పుడు.

"ఏం కాదు? అశ్రద్ధ చెయ్యలేదు అన్నది కాదా?"

టక్ టక్. టక్ టక్. టక్ టక్. తలుపు బాదుతున్నట్టు కొడుతున్నాడు. వెనక కూతురు "నాన్నా, మెల్లగా, ఫోను పగులుతుంది" అనడం వినపడింది.

"ఉండరా, ఒక్కొక్కటే అడుగుతాను. మీ చెల్లెలు కీబోర్డు ముందు కూర్చుంటుంది."

టక్.

"నేను వెనక నిలబడతాను."

టక్.

"మీ చెల్లెలు ఆ మాట కొట్టే ముందు నేను కెమెరా వైరు తీసి జేబులో..."

టక్ టక్. ఈసారి రెండే దెబ్బలు, గట్టిగా, స్పష్టంగా.

ఫ్యూజు మామయ్య అప్రయత్నంగా చొక్కా జేబు తడుముకున్నాడు. తగిలించి ఉన్న ప్రతి వస్తువూ తన నంబరు తనే చెప్పుకుంటుంది. గుడ్లగూబ మొదటి రోజే రాశాడు, తగిలించి ఉన్న ప్రతి వస్తువూ అని. జేబులో ఉన్న వస్తువు ఏం చెబుతుంది?

"బావా, లైను మీదే పని చెయ్యాలా?"

టక్.

"నువ్వే కదరా చెయ్యొద్దన్నావు. నువ్వు చెప్పినా నమ్మొద్దన్నావు."

తరవాత కూతురు ఫోను అందుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలిసినట్టు లేదు. "మామయ్యా, నాన్న లేచి కూర్చున్నాడు. భుజాలు ఊగిపోతున్నాయి. నవ్వుతున్నాడు మామయ్యా."

సంగతి విన్న అత్తయ్య రెండు నిమిషాలు నోరు తెరవలేదు, ఆ ఇంట్లో అదొక రికార్డు. ఆ తరవాత రెండు వారాల బాకీ తీర్చింది. "పక్కింటావిడ కెమెరా కూడా చెడిపోయిందని ఆవిడకి చెప్పి వచ్చాను కదండీ, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?" అని అడిగింది. మళ్లీ కీబోర్డు ముందు కూర్చుంది.

ఈసారి వైరు ఉండవలసిన చోటే ఉంది. పచ్చదీపం వెలుగుతోంది. ఫ్యూజు మామయ్య నుదుటికి చెమట పట్టింది. నవ్వేవాళ్లు నవ్వొచ్చు, ఆ వైరులో చీమకి కూడా హాని చేసేంత కరెంటు లేదని ఆయనకీ తెలుసు. కానీ తన మనిషి లైను ఉండగా చెయ్యి పెట్టబోతోంది, ఆయన చూస్తూ నిలబడాలి. బావ కింద నుంచి తాడు పట్టుకున్నట్టుగా ఆవిడ కుర్చీ వీపుని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు, ఏమైనా అయితే వెనక్కి గుంజెయ్యడానికి.

"కొట్టనా?" అంది ఆవిడ. వెటకారం లేకుండా అడిగింది.

"కొట్టు."

కీబోర్డు, మౌసు, వాటి కింద ఇంకో వరస. నాలుగు అక్షరాలు, మధ్యలో రెండు చుక్కలు, మరో నాలుగు అక్షరాలు. అత్తయ్య దాన్ని పైకి రెండుసార్లు చదివింది. గుడ్లగూబకి పంపిన పది నిమిషాలకే జవాబొచ్చింది. ఫలానా దుబాసీని ఇలా పిలవండి అని రెండు వరసలు రాశాడు, ఇన్నాళ్లూ నంబరు ఎందుకు రాలేదో తెలుసుకోవచ్చా అని అడిగాడు. అత్తయ్య జరిగింది జరిగినట్టు, జేబుతో సహా రాసి పంపింది. అటునుంచి గంటదాకా ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఇలా వచ్చింది. "మా సహాయ పత్రంలో ఒక వాక్యం చేర్చాను. ఆజ్ఞ కొడుతున్నంతసేపూ వైరు తగిలించే ఉంచవలెను. మీ వారికి నా నమస్కారాలు."

ఆ రెండు వరసలూ కామా పోకుండా కొట్టేసరికి తెర మీద ఎవరో ముసలాయన కనిపించాడు, కుర్చీ పట్టుకుని, నోరు తెరిచి. అది తనేనని ఫ్యూజు మామయ్యకి తెలియడానికి కొంచెం టైము పట్టింది.

ఆదివారం పదింటికి ఇంకా పావుగంట ఉండగానే బావ వచ్చి కూర్చున్నాడట. గడ్డం గీయించుకున్నాడు. అదే తెల్లగుడ్డ, అదే కుర్చీ. అత్తయ్య బటను నొక్కింది.

"కనిపిస్తున్నారు మామయ్యా" అంది కూతురు.

బావ ముందుకి వంగి చూశాడు. ఫ్యూజు మామయ్య చెబుదామని కూడబెట్టుకున్నవన్నీ మరిచిపోయాడు. తెర మూలన తన బొమ్మ చూసుకుంటే తలకాయ ఒక్కటే పట్టింది. తలకాయతో ఏం మాట్లాడతాడు? చేతులు పట్టాలి. ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ వెళ్లి వీపు గోడకి ఆనించాడు. కుడిచెయ్యి ఎత్తి, చాలా నిదానంగా, నడినెత్తి నిమురుకున్నాడు.

బావ కాసేపు అలాగే చూశాడు. తరవాత ఉలిక్కిపడ్డట్టు నటిస్తూ సూపర్‌వైజరు కోసం వెనక్కి తిరిగి చూశాడు. మళ్లీ ఇటు తిరిగేసరికి చప్పుడు లేని నవ్వుతో మనిషంతా కదిలిపోతున్నాడు, కళ్లు కారిపోతున్నాయి. ఇటు ఫ్యూజు మామయ్య కూడా ఏడ్చాడు. దాచుకోలేదు, తుడుచుకోలేదు.

అప్పుడు బావ రెండు చేతులూ ఎత్తడం మొదలుపెట్టాడు. భుజాల దాకా వచ్చి ఆగాయి. ముఖం నొప్పితో ముడుచుకుంది. "నాన్నా, చాలు" అంది కూతురు. ఆయన వినలేదు. చెవుల దాకా తెచ్చాడు. ఆగాడు. ఇంకొంచెం ఎత్తి, వణుకుతున్న మణికట్లు రెండూ తలపైన అడ్డంగా కలిపాడు.

లైన్ క్లియరేనా?

ఇరవై ఎనిమిదేళ్లు ఆ ప్రశ్నకి ఫ్యూజు మామయ్య దగ్గర ఒకటే జవాబు ఉండేది. ఈ రోజు ఆ జవాబు కుదరదు. ఆయన కుడిచెయ్యి గాల్లోకి ఎత్తి గుండ్రంగా తిప్పాడు. పని అయింది. ఇద్దరం నేల మీదే ఉన్నాం. లైను ఇవ్వొచ్చు. బావ కూడా చెయ్యి ఎత్తి, అందినంత మేర, తిప్పాడు.

"ఏమంటున్నాడు మామయ్యా?" అని అడిగింది కూతురు.

"నీకు తరవాత చెబుతాను తల్లీ" అన్నాడు ఆయన.

రెండు గంటలు మాట్లాడుకున్నారు. కొత్త సైగలు అయిదారు అక్కడికక్కడే పుట్టాయి. వాటిలో అత్తయ్య మీద ఒకటి ఉంది, అదేమిటో ఆవిడ ఎంత అడిగినా చెప్పలేదు. డాక్టరు చెప్పిన వ్యాయామం వారం మొత్తానిది ఆ పూటే అయిపోయిందని కూతురు అంది. పన్నెండు దాటాక బావ పొట్ట తట్టుకున్నాడు. సరే, వచ్చే ఆదివారం అనుకున్నారు.

ఫ్యూజు మామయ్య తెర దగ్గరికి వచ్చాడు. బాతుని ఆపే ముందు లైను తియ్యాలి కదా, ఆలోచించకుండానే చెయ్యి కెమెరా వైరు మీదికి వెళ్లింది. కొస పట్టుకున్నాడు కూడా.

అవతల బల్ల మీద చప్పుడైంది. టక్ టక్.

ఫ్యూజు మామయ్య తలెత్తి చూశాడు. బావ వేలు ఇంకా బల్ల మీదే ఉంది. ఆయన వైరు వదిలేసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అది ఆ తరవాత ఎన్నడూ పీకలేదు, అత్తయ్య దుమ్ము తుడిచినా దాని చుట్టూతానే తుడుస్తుంది. మిగతా రోజుల్లో మెయిను ఆపడం, ఫ్యూజు జేబులో వేసుకోవడం యథాప్రకారం జరుగుతూనే ఉన్నాయి. ఆదివారం మాత్రం ఆ ఇంట్లో బల్బు పోతే ఎవరూ మార్చరు.